సుబ్బిని ఎవరడిగారు? కన్యాశుల్కాన్ని ఉన్నత పాఠశాల తరగతిలో బోధించే పద్ధతి

డబ్బు తీసుకుని ఆడపిల్లను పెళ్లికిచ్చే దురాచారం మీద గురజాడ అప్పారావు రాసిన ‘కన్యాశుల్కం’ నాటకాన్ని తొమ్మిది, పది తరగతుల పిల్లలకు పరిచయం చేయదలచిన తెలుగు ఉపాధ్యాయుల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. పాఠ్యపుస్తకంలో అందులోని రంగం ఏదైనా ఉన్నా లేకపోయినా, ఆరు పీరియడ్లు కేటాయించుకోగలిగితే సాహిత్యాన్నీ చరిత్రనూ నేటి సమాజాన్నీ ఒకే దారానికి గుచ్చి చెప్పడానికి ఇంతకు మించిన పుస్తకం మన భాషలో నాకు కనిపించలేదు. అయితే ఆ దారం ఏదో ముందుగా తేల్చుకోకుండా తరగతిలోకి వెళ్తే, పాఠం చక్కగా సాగినట్టే ఉండి చివరికి పిల్లల చేతిలో ఏమీ మిగలదు. ఇది నా స్వానుభవం.

మొదటిసారి ఈ నాటకం చెప్పినప్పుడు అందులోని మాటకారి గిరీశం మాటలకు తొమ్మిదో తరగతి పిల్లలు కడుపు చెక్కలయ్యేలా నవ్వారు, అది చూసి నేను పొంగిపోయాను. ఆఖరి రోజున “ఇప్పుడా దురాచారం లేదు, మనం అదృష్టవంతులం” అని ఒక్క వాక్యం చెప్పి పుస్తకం మూసేశాను. వేసవి సెలవులయ్యాక బడి తెరిచేసరికి, రెండో బెంచీలో కూర్చుని అందరికంటే గట్టిగా నవ్విన అమ్మాయి రాలేదు. హాజరు పట్టీలో ఆమె పేరుకెదురుగా పదిహేను రోజులు గైర్హాజరు వేసిన తరువాత పక్క బెంచీ పిల్లను అడిగితే, “మే నెలలోనే పెళ్లయిపోయింది సార్, మీకు శుభలేఖ ఇవ్వలేదా?” అని మామూలుగా చెప్పింది. పెళ్లినాటికి ఆ అమ్మాయికి పదిహేనేళ్లు. ఆ ఏడాది నుంచి నేను పాఠం చెప్పే తీరు మార్చుకున్నాను. మార్చుకున్న తీరే ఇక్కడ చెబుతున్నాను.

ముందుగా చేసుకోవలసిన పని

నాటకం మొత్తం మీరు మళ్లీ ఒకసారి చదవాలి. గురజాడ అప్పారావు దీన్ని మొదట విజయనగరంలో 1892లో ప్రదర్శింపజేశారు, 1897లో అచ్చు వేయించారు, ఆ తరువాత చాలా పెంచి తిరగరాసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. మనం సాధారణంగా చదివేది ఆ రెండో కూర్పే, మధురవాణి పాత్ర అంత ఎత్తుకు ఎదిగింది అందులోనే. తరగతిలో చెప్పేవాళ్లకు మాత్రం 1897 నాటి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాట నాటకంతో సమానంగా అవసరం. చాలామంది ఉపాధ్యాయులు దాన్ని దాటేసి నేరుగా మొదటి అంకంలోకి వెళ్తారు, నేనూ అలాగే వెళ్లాను. ఆ ముందుమాటలోని ఒక పేరాను ఇంట్లోనే సొంత మాటల్లో తెలుగు చేసి కాగితం మీద రాసి పెట్టుకోండి. దాని పని మూడో పీరియడ్‌లో వస్తుంది.

దారం విషయానికొస్తే, నేను ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుంటాను: ఈ బేరంలో ఎవరికి ఏం దక్కుతోంది, ఎవరిని అడగలేదు? నాటకానికైనా, చట్టాల చరిత్రకైనా, మన ఊళ్లో నిన్న జరిగిన పెళ్లికైనా ఈ ప్రశ్న మారకూడదు. ప్రశ్న మారితే సాహిత్యం తెలుగు పీరియడ్‌కూ, చరిత్ర సాంఘిక శాస్త్రం పీరియడ్‌కూ, అన్యాయం వార్తాపత్రికకూ చెదిరిపోతాయి.

మొదటి రెండు రోజులు: నవ్వనివ్వండి, ఆ తరువాత పట్టిక వేయండి

మొదటి రోజు సంస్కరణ గురించి, గురజాడ గొప్పతనం గురించి ఉపన్యాసం వద్దు. కృష్ణరాయపురం అగ్రహారంలో అగ్నిహోత్రావధానులు ఇంట్లో జరిగే రంగం తీసుకుని, పాత్రలు పంచి, కూర్చున్న చోటి నుంచే గట్టిగా చదివించండి. కోస్తా, రాయలసీమ, తెలంగాణ పిల్లలకు విజయనగరం మాట కొత్తగా తోస్తుంది, తడబడతారు, ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటారు. ఆపకండి. అర్థం కాని మాటలన్నీ నల్లబల్ల మీద ఒక మూల రాయించి, వాటికి తమ ఇంట్లో వాడే మాటేమిటో రేపు అడిగి రమ్మనండి. పుస్తకాల భాష కాకుండా జనం నోట్లోని భాషలో నాటకం రాయడమే ఆ రోజుల్లో సాహసమని వేరే చెప్పనక్కర లేకుండా పిల్లలకు అందుతుంది.

రెండో రోజు కథ మొత్తం మీరే చెప్పాలి, ఎందుకంటే నాటకమంతా చదివించే వ్యవధి ఏ బడిలోనూ ఉండదు. అగ్నిహోత్రావధానులు పెద్ద కూతురు బుచ్చమ్మను వెనకటికి ఒక ముసలివానికి డబ్బు తీసుకుని ఇచ్చాడు, ఆమె వితంతువై పుట్టింట్లో ఉంది. అయినా చిన్న కూతురు సుబ్బిని రామచంద్రపురం అగ్రహారంలో ఉన్న ముసలి లుబ్ధావధానులుకు ఇవ్వడానికి సిద్ధపడ్డాడు. తల్లి వెంకమ్మ గోల పెట్టి నూతిలో పడింది. ఆమె తమ్ముడు కరటక శాస్త్రి తన శిష్యుడైన మగపిల్లవాడికి ఆడవేషం వేసి లుబ్ధావధానులుకు అమ్మి ఈ సంబంధం చెడగొట్టాడు. ఇంత చెప్పాక బల్ల మీద మూడు గడుల పట్టిక గీయండి. మొదటి గడిలో పాత్ర పేరు, రెండో గడిలో ఈ పెళ్లి వల్ల దక్కేదేమిటి, మూడో గడిలో సుబ్బితో ఆ పాత్ర మాట్లాడిందా లేదా అని రాయించండి.

ఈ పట్టిక నింపడం మీదే నేను ఆ పీరియడ్‌లో చాలా భాగం ఖర్చు చేస్తాను, అది దండుగ కాదు. తండ్రికి డబ్బు దక్కుతుంది, దావాలంటే పడిచచ్చే మనిషికి ఆ డబ్బు ఎందుకు అవసరమో పిల్లలే చెప్పేస్తారు. పెళ్లికొడుక్కి పెళ్లాం దక్కుతుంది. మధ్యలో తిరిగే రామప్పంతులులాంటి వాళ్లకు కమీషనో, భోజనమో, ఊళ్లో పెద్దరికమో దక్కుతుంది. సుబ్బి పక్షాన నిలబడినవాళ్లకు కూడా మూడో గడిలో ఏమి రాయాలో తోచక పిల్లలు ఆగిపోతారు, అక్కడే మీరు కూడా ఆగాలి. సుబ్బి పేరు వినిపించినంతగా ఆమె గొంతు నాటకంలో వినిపించదు. ఒకసారి ఒక కుర్రవాడు లేచి, “సార్, వేషం వేసిన పెళ్లికూతురికి బోలెడు డైలాగులున్నాయి, అసలు పెళ్లికూతురికి లేవేం?” అన్నాడు. ఇది రచయిత లోపమా, ఉద్దేశమా అన్న చర్చ పదిహేను నిమిషాలు సాగింది. నేను జవాబు చెప్పలేదు, నాకు ఇప్పటికీ తేలలేదు.

బేరం ఎంతకు కుదిరిందో మాత్రం మీరు చెప్పవద్దు. గ్రంథాలయంలోని పుస్తకం ఇచ్చి, ఆ అంకె ఎక్కడుందో వెతికి తెమ్మనండి. వెతికే పేరుతో ఇద్దరో ముగ్గురో నాటకం మొత్తం చదివేస్తారు.

మూడో రోజు: ముందుమాటలోని లెక్క

నా దృష్టిలో ఈ పాఠానికి గుండెకాయ ఈ పీరియడ్. రాసి పెట్టుకున్న పేరా ఇప్పుడు బయటికి తీయండి. విజయనగరం మహారాజు ఆనంద గజపతి అప్పటి విశాఖపట్నం జిల్లాలో సామాన్య బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితా తయారు చేయించారనీ, అందులో 1034 పెళ్లిళ్లు నమోదయ్యాయనీ గురజాడ అక్కడ రాశారు. వాటిలో ఐదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లలకు ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయల వరకూ ధర పలికిందట. ఇంకా పుట్టని బిడ్డలకు, కడుపులో ఉండగానే, బేరాలు కుదిరిన సందర్భాలున్నాయని కూడా రాశారు.

అంకెలను చదివి వదిలేయకండి. ఒక్కొక్కటీ బల్ల మీద కిందకి వేసి కూడించండి: 188. దాన్ని 1034తో భాగించి శాతం కట్టించండి: నూటికి 18 మంది. ఏడాదికి సగటు ఎంతో కూడా తీయించండి. లెక్క పూర్తయ్యాక ఏమీ అనకుండా, మీ ఇళ్లల్లో ఐదేళ్లలోపు ఆడపిల్లలు ఎవరున్నారో, వాళ్లు ఈ వేళ ఏం చేస్తున్నారో చెప్పమనండి. ఒకరి చెల్లెలు అంగన్‌వాడీలో గుడ్డు తిననని మారాం చేస్తుంది, ఒకరి అక్క కూతురు ఇంకా చెప్పులు ఎడమ కుడి తారుమారుగా వేసుకుంటుంది. ముందు రోజు నవ్విన తరగతి ఇక్కడ నిశ్శబ్దమవుతుంది. ఆ నిశ్శబ్దాన్ని మీ మాటలతో పూడ్చవద్దు, గంట కొట్టే వరకూ అలాగే ఉండనివ్వండి.

మర్నాడు ఆ లెక్కకున్న హద్దులు చెప్పడం మరచిపోకూడదు. అది ఒక జిల్లాలో, ఒక వర్గంలో, మూడేళ్ల కాలానికి తీసిన జాబితా. దాన్ని పట్టుకుని ఆనాటి తెలుగువాళ్లందరి ఇళ్లల్లో ఇదే జరిగిందని అనకూడదు. ఇతర కులాల్లో ఓలి పేరుతో పెళ్లికొడుకు వైపువాళ్లు డబ్బిచ్చే ఆచారం ఉండేది, దాని తీరూ కారణాలూ వేరు. ఈ మాట చెప్పడానికి మరొక అవసరం కూడా ఉంది. తరగతిలో బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చిన పిల్లవాడు ఒక్కడే ఉంటే, విరామంలో మిగతావాళ్లు వాణ్ణి అవధానులని పిలిచి ఏడిపిస్తారు. నా తరగతిలో అది జరిగింది, నేను ఆలస్యంగా గమనించాను. ఒక దురాచారాన్ని ఒక కులం నెత్తిన రుద్ది మిగతావాళ్లం చేతులు కడుక్కునే పాఠంగా ఇది మారిపోకుండా చూసుకోవలసింది ఉపాధ్యాయుడే.

నాలుగో రోజు: చట్టాల చరిత్రను కథలా చెప్పండి

తేదీల పట్టిక ఇస్తే పిల్లలు బట్టీ పడతారు. దాని బదులు, చట్టం వచ్చిన ప్రతిసారీ జనం ఏం చేశారో అడగండి. వితంతు వివాహానికి 1856లోనే చట్టం వచ్చింది, అయినా రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం చేతుల మీదుగా మొదటి వితంతు వివాహం జరిగింది 1881 డిసెంబరు 11న. మధ్యలో ఉన్న పాతికేళ్లు చట్టానికీ ఆచారానికీ మధ్య దూరం. 1891లో ఆడపిల్ల కాపురానికి సమ్మతి వయసును పదేళ్ల నుంచి పన్నెండుకు పెంచితేనే దేశమంతా గగ్గోలు పెట్టింది. 1929లో వచ్చిన శారదా చట్టం ఆడపిల్లకు 14 ఏళ్లు, మగవాడికి 18 ఏళ్లు కనీస వయసుగా పెట్టి 1930 ఏప్రిల్ నుంచి అమల్లోకి వస్తుందనగానే, ఆ గడువు దాటకముందే పెళ్లిళ్లు చేసేయాలని జనం హడావిడి పడ్డారు.

ఇక్కడ యానాం కథ తప్పకుండా చెప్పాలి. శారదా చట్టం బ్రిటిష్ ఇండియాకు మాత్రమే వర్తించేది. గోదావరి ఒడ్డున కాకినాడకు చేరువలో ఉన్న యానాం ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉండడంతో, చుట్టుపక్కల జిల్లాలవాళ్లు పిల్లలను బండ్లెక్కించుకుని అక్కడికి వెళ్లి పెళ్లిళ్లు చేసుకుని వచ్చేవారు. అలా జరిగిన పెళ్లిళ్ల వల్ల ఆ ఊరికి కల్యాణపురమనే పేరు కూడా వచ్చింది. రాష్ట్రపటం మీద యానాం ఎక్కడుందో ఒక పిల్ల చేత వేలు పెట్టి చూపించండి. చట్టం సరిహద్దు దగ్గర ఆగిపోతుందనీ, బేరం సరిహద్దు దాటుతుందనీ పదో తరగతి పిల్లలకు వివరించి చెప్పనక్కర లేదు. తరువాతి సంగతులు త్వరగా చెప్పేయవచ్చు: 1978లో వయసు 18కి, 21కి పెరిగింది, 2006లో ఇప్పుడున్న బాల్య వివాహ నిషేధ చట్టం వచ్చింది.

గిరీశం గురించి ఒక హెచ్చరిక. వితంతు వివాహాల గురించి నాటకంలో అందరికంటే ధారాళంగా మాట్లాడేవాడు అతనే, ఆ మాటలతోనే బుచ్చమ్మను వలలో వేసుకుంటాడు. గురజాడ దురాచారాన్నే కాదు, దాన్ని ఖండించే నోటిమాటను కూడా అనుమానించాడు. కనుక సంస్కరణ గురించి అందంగా మాట్లాడినందుకు పిల్లలకు మార్కులు వేయకండి, అలా వేస్తే మనం తరగతి నిండా గిరీశాలను తయారు చేసినవాళ్లమవుతాం. చివరికి వకీలు సౌజన్యారావు పంతులు బుచ్చమ్మను పెళ్లి పీటల మీదికి కాకుండా పూనాలోని వితంతు శరణాలయానికి, అంటే చదువుకు, పంపే ఏర్పాటు చేయడం గమనించమనండి. మధురవాణి ఎవరని పిల్లలు అడిగితే తడబడకుండా, ఆమె వేశ్యావృత్తిలో పుట్టి పెరిగిన స్త్రీ అనీ, ఎక్కడ పుట్టాలో ఆమెనూ ఎవరూ అడగలేదనీ చెప్పండి. ఆ వయసుకు అది చాలు.

ఐదో రోజు: ఇప్పటి మాట

2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 20 నుంచి 24 ఏళ్ల వయసున్న స్త్రీలలో 18 ఏళ్లు నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29.3 మంది, తెలంగాణలో 23.5 మంది. ఈ రెండు అంకెలను మహారాజు జాబితా పక్కనే రాయించండి. వయసులు పెరిగాయి, డబ్బు దిక్కు మారింది, ఆనాడు ఆడపిల్ల తండ్రి చేతికి వచ్చిన డబ్బు ఈనాడు కట్నంగా ఆయన చేతి నుంచి పోతోంది. వరకట్నాన్ని 1961లోనే నిషేధించారని కూడా చెప్పండి, పిల్లలు నవ్వుతారు, ఆ నవ్వు మొదటి రోజు నవ్వు కాదు.

తరువాత రెండో రోజు పట్టికనే మళ్లీ గీయండి. ఈసారి పాత్రల పేర్లు ఉండవు: తండ్రి, తల్లి, మేనమామ, పెళ్లిళ్ల పేరయ్య, పెళ్లికొడుకు, పెళ్లికూతురు. ఒక ఇంటివాళ్లు పదిహేనేళ్ల పిల్లకు పెళ్లి చేయడానికి ఎందుకు తొందరపడతారో పిల్లలే చెబుతారు. జూనియర్ కాలేజీ ఊరికి దూరం, బస్సు ఉండదు. తల్లిదండ్రులు వలస కూలికి పోతే ఈడొచ్చిన పిల్లను ఎక్కడ వదలాలో తెలియదు. చదివిస్తే చదివిన పెళ్లికొడుకు కావాలి, కట్నం పెరుగుతుంది. ఎవరితోనైనా వెళ్లిపోతుందేమోనన్న భయం. ఈ మాటలను కొట్టిపారేయవద్దు, అగ్నిహోత్రావధానులును చూసి నవ్వినట్టు ఈ తండ్రిని చూసి నవ్వడం కుదరదని తరగతికి తెలియాలి. అతనికి దక్కేది లాభం కాదు, ఒక భయం తీరడం. అయినా మూడో గడి మాత్రం ఖాళీగానే ఉంటుంది.

ఒక్క పని మాత్రం ఎన్నడూ చేయవద్దు. “మీ ఇళ్లల్లో ఇలాంటి పెళ్లిళ్లు ఎవరికైనా జరిగాయా?” అని తరగతిలో చేతులెత్తించకండి. ఆ ముప్పై మందిలో కనీసం ఒకరి తల్లికి పదహారేళ్లకే పెళ్లై ఉంటుంది, ఆమెను పాఠానికి ఉదాహరణగా నిలబెట్టే హక్కు మనకు లేదు.

ఇలా పాఠం చెప్పిన వారంలో ఎవరో ఒక పిల్ల స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడే అవకాశం ఉంది, అందుకు ముందే సిద్ధంగా ఉండాలి. రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకండి, ఎవరికి చెప్పబోతున్నారో ఆమెకు ముందుగా చెప్పండి. ఆవేశపడి ఒంటరిగా ఆ ఇంటికి వెళ్లి తండ్రిని దులిపేస్తే ముహూర్తం ముందుకు జరుగుతుంది తప్ప ఆగదు. ప్రధానోపాధ్యాయులకు చెప్పి, పిల్లల సహాయం కోసం ఉన్న 1098 నంబరుకు ఫోన్ చేసి, అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ అధికారులకు, తహసీల్దారుకు తెలియజేయండి. పెళ్లి జరగకుండా మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు, ఆ ఉత్తర్వును కాదని చేసిన పెళ్లి చెల్లదు. అప్పటికే జరిగిపోయిన పెళ్లినైనా, మైనరుగా ఉండగా పెళ్లయిన పిల్ల మేజరైన రెండేళ్లలోగా కోర్టు ద్వారా రద్దు చేయించుకోవచ్చు. ఇది చాలామంది ఉపాధ్యాయులకే తెలియదు. అన్నిటికంటే ముఖ్యం, ఆ పిల్ల పదో తరగతి తరువాత ఎక్కడ ఉండి చదువుకుంటుందో అదే వారంలో చూడండి. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలోనో, గురుకులంలోనో సీటు ఉన్నదని తెలిస్తే, నేను చూసినంతలో, సగం మంది తండ్రులు దిగివచ్చారు.

ఆఖరి రోజు: రాత పని

గురజాడ జీవిత విశేషాలు రాయమనే ప్రశ్న పరీక్షలో ఎలాగూ వస్తుంది, దాన్ని మీరు అడగవద్దు. సుబ్బికి ఒకే ఒక్క సంభాషణ రాయమనండి. ఎవరితో మాట్లాడాలో, ఎప్పుడు మాట్లాడాలో వాళ్ల ఇష్టం. పది వాక్యాలు మించకూడదనీ, ఉపన్యాసం చేయకూడదనీ, ఆ వయసు పిల్ల నోటికి వచ్చే మాటలే ఉండాలనీ షరతు పెట్టండి. దిద్దేటప్పుడు యాస తప్పులకు ఎర్రసిరా వాడకండి.

పోయిన ఏడాది వచ్చిన కాగితాల్లో ఎక్కువ మంది సుబ్బి చేత ఏడిపించారు, కొందరు తండ్రికి చట్టాలు చెప్పించారు. ఒక అమ్మాయి మాత్రం సుబ్బి అన్న వెంకటేశం ఇంగ్లీషు చదువు కోసం గిరీశాన్ని ఇంట్లో పెట్టుకున్న సంగతి గుర్తుంచుకుని, సుబ్బి చేత తండ్రితో ఇలా అనిపించింది: “నాన్నా, అన్నయ్యకి చెప్పే పంతులు ఎలాగూ మనింట్లోనే అన్నం తింటున్నాడు కదా, నన్నూ ఆ చాప మీద కూర్చోబెడితే వేరే ఖర్చేమవుతుంది?”